సింగపూర్‌లో నెల బడ్జెట్: జీతమంతా చేతికొచ్చే చోట డబ్బు పంచుకోవడం ఎలా

సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఈపీ, విదేశీ నిపుణులకిచ్చే వర్క్ పాస్) మీద ఉద్యోగంలో చేరినవాళ్ల మొదటి పే స్లిప్ చూస్తే భలే ముచ్చటేస్తుంది. ఆఫర్ లెటర్‌లో ఎంత రాశారో దాదాపు అంతా ఖాతాలో పడుతుంది. నెలనెలా ఇన్‌కమ్ ట్యాక్స్ కోయరు. ఇక్కడి పీఎఫ్ లాంటిది సీపీఎఫ్. అది పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రమే కాబట్టి ఆ కోత కూడా ఉండదు. భారతీయ మూలాలున్న ఈపీ ఉద్యోగుల దగ్గర సిండా (ఇక్కడి భారతీయుల అభివృద్ధి సంస్థ) నిధికి జీతాన్ని బట్టి 1 నుంచి 30 డాలర్ల దాకా పట్టుకుంటారు, అంతే.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. పన్ను కట్టాల్సింది మరుసటి ఏడాది. రిటైర్మెంట్‌కు దాచేవాళ్లు ఎవరూ లేరు. ఉద్యోగం మారినా, దేశం వదిలినా అయ్యే ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే ఇక్కడ బడ్జెట్‌కు మొదటి పని కూరగాయల ఖర్చు తగ్గించడం కాదు, పే స్లిప్ వేయని కోతలు మనమే వేసుకోవడం. ఆ తర్వాత మిగిలినదే నిజమైన జీతం. కింద చెప్పిన వరుసలోనే లెక్క వేసుకుంటూ రండి. డాలర్లు అన్నచోటల్లా సింగపూర్ డాలర్లే.

1. ఇంట్లో ఎన్ని జీతాలో ముందు తేల్చుకోండి

భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తారన్న లెక్కతో వచ్చేవాళ్లు చాలామంది. డిపెండెంట్ పాస్ మీద వచ్చిన భర్తో భార్యో ఇక్కడ ఉద్యోగం చేయాలంటే వాళ్లకు సొంత వర్క్ పాస్ ఉండాలి. ఒకప్పుడు లెటర్ ఆఫ్ కన్సెంట్ ఉంటే సరిపోయేది. ఉద్యోగాలకు ఆ వీలు 2021 మే 1 నుంచి లేదు. కాబట్టి రెండో జీతం నిజంగా ఖాతాలో పడేదాకా ఒక్క జీతంతోనే బడ్జెట్ వేయండి. రెండో జీతం వస్తుందన్న ఆశతో పెద్ద కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంట్) అద్దెకు తీసుకుంటే రెండేళ్లపాటు టెన్షనే.

కుటుంబాన్ని తీసుకురావడానికి కూడా జీతం మెట్లు ఉన్నాయి. భార్యాపిల్లలకు డిపెండెంట్ పాస్ కావాలంటే నెల జీతం కనీసం 6,000 డాలర్లు ఉండాలి. తల్లిదండ్రులను లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీద తెచ్చుకోవాలంటే 12,000 ఉండాలి. ఈ అంకెలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే మానవ వనరుల శాఖ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఆఫర్ 5,800 దగ్గర ఆగితే, ఆ 200 కోసం అడగడానికి అదే సరైన సమయం.

2. పన్ను డబ్బు మొదటి రోజే పక్కన పెట్టండి

ఇక్కడ పన్ను తక్కువే, కానీ ఆలస్యంగా వస్తుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా సంపాదించినదానికి మరుసటి ఏడాది ఏప్రిల్ 18లోగా ఆన్‌లైన్‌లో రిటర్న్ వేయాలి. ఆ తర్వాత పన్ను నోటీసు వస్తుంది. డబ్బు పక్కన పెట్టుకోనివాళ్లకు అది పిడుగులాంటి వార్త.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. నెల జీతం 8,000, భార్యకు ఆదాయం లేదు, ఒక బిడ్డ. ఏడాదికి 96,000. ఇందులోంచి ఉద్యోగ ఆదాయ మినహాయింపు 1,000, భార్య పేరున 2,000, బిడ్డ పేరున 4,000 తీసేస్తే 89,000 మిగులుతుంది. మొదటి 20,000 మీద పన్ను లేదు. తర్వాతి 10,000 మీద 2 శాతం, ఇంకో 10,000 మీద 3.5 శాతం, ఆపై 40,000 మీద 7 శాతం. ఇక్కడికి 3,350 డాలర్లు. మిగతా 9,000 మీద 11.5 శాతం చొప్పున 1,035. అంతా కలిపి 4,385. నెలకు 365 డాలర్లు పక్కన పెడితే నోటీసు వచ్చిన రోజు ప్రశాంతంగా నిద్రపోవచ్చు.

ఈ రేట్లు ట్యాక్స్ రెసిడెంట్లకు. ఏడాదిలో 183 రోజులో అంతకంటే ఎక్కువో ఇక్కడ ఉంటే మామూలుగా రెసిడెంట్ కింద లెక్క. నాన్ రెసిడెంట్ అయితే ఉద్యోగ ఆదాయం మీద నేరుగా 15 శాతం, లేదా రెసిడెంట్ రేటు ప్రకారం వచ్చే పన్ను, ఏది ఎక్కువైతే అది కట్టాలి. మినహాయింపులు వర్తించవు. ఏడాది రెండో సగంలో వచ్చినవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవడం మంచిది.

నోటీసు వచ్చాక జైరో (బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్టే ఏర్పాటు) పెట్టుకుంటే వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చు. సౌకర్యమే, కానీ దాన్ని నమ్ముకుని డబ్బు పక్కన పెట్టడం మానేయకండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

3. అద్దె: నెల అంకె కంటే మొదటి రోజు అంకె ముఖ్యం

బడ్జెట్‌లో పెద్ద వాటా ఇదే. ఒంటరిగా వచ్చినవాళ్లు మొదటి ఏడాది గది అద్దెకు తీసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఊరు తెలియకముందే రెండేళ్ల ఒప్పందంలో ఇరుక్కోవడం ఎందుకు? కుటుంబంతో వచ్చేవాళ్లకు మాత్రం హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ మండలి) ఫ్లాట్ లేదా కాండో తప్పదు. స్విమ్మింగ్ పూల్, జిమ్ చూసి కాండో వైపు మనసు లాగుతుంది. కానీ అదే విస్తీర్ణానికి హెచ్‌డీబీ ఫ్లాట్ చాలా చవక. పైగా మార్కెట్, క్లినిక్, బస్టాప్ అన్నీ కిందే ఉంటాయి. ఒక విషయం గుర్తుంచుకోండి. మొత్తం హెచ్‌డీబీ ఫ్లాట్ అద్దెకివ్వడానికి పౌరులు కానివాళ్ల కోటా ఉంది: పరిసర ప్రాంతంలో 8 శాతం, బ్లాకులో 11 శాతం. అది నిండిపోతే ఇంటి ఓనర్‌కు ఇష్టమున్నా మీకు ఇవ్వలేరు.

రేటు తెలుసుకోవడానికి ప్రకటనల్లోని అంకెలు నమ్మకండి, అవి ఓనర్లు ఆశపడే అంకెలు. ఏ టౌన్‌లో ఎన్ని గదుల ఫ్లాట్ నిజంగా ఎంతకు పోయిందో హెచ్‌డీబీ ప్రతి మూడు నెలలకూ ప్రకటిస్తుంది. కాండోలకైతే పట్టణాభివృద్ధి సంస్థ యూఆర్ఏ సైట్‌లో నమోదైన అద్దెలు చూడవచ్చు. ఆ కాగితం చేతిలో ఉంటే బేరం వేరేలా నడుస్తుంది.

ఇక మొదటి రోజు అంకె. నెలకు 3,200 అద్దెకు రెండేళ్ల ఒప్పందం అనుకుందాం. ఏడాది ఒప్పందానికి ఒక నెల, రెండేళ్లకు రెండు నెలల డిపాజిట్ అడగడం ఇక్కడి వాడుక. అంటే 6,400. మొదటి నెల అద్దె 3,200. స్టాంప్ డ్యూటీ కట్టాల్సింది అద్దెకున్నవాళ్లే. మొత్తం అద్దె 76,800 మీద 0.4 శాతం, అంటే 307. మొత్తం 9,907 డాలర్లు, అదీ ఒక్క గిన్నె కూడా కొనకముందే. మీ తరఫున ఏజెంట్‌ను పెట్టుకుంటే కమీషన్ అదనం. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు కట్టే డిపాజిట్ కూడా పౌరులకంటే విదేశీయులకు ఎక్కువ. మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు కాబట్టి అద్దెకు నాలుగు రెట్ల డబ్బు చేతిలో పెట్టుకునే విమానం ఎక్కాలి. కంపెనీ రీలొకేషన్ అలవెన్సు ఇస్తానంటే, అది చేరిన రోజు ఇస్తారా, బిల్లులు చూపించాక ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. రెండింటికీ చాలా తేడా ఉంది.

సంతకానికి ముందు ఒప్పందంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. మొదటిది డిప్లొమాటిక్ క్లాజ్. ఉద్యోగం పోయినా, దేశం వదలాల్సి వచ్చినా మధ్యలో ఖాళీ చేసే వీలు దీనితోనే. మామూలుగా 12 నెలలు గడిచాక, రెండు నెలల నోటీసుతో అని రాస్తారు. రెండోది చిన్న రిపేర్ల క్లాజ్, అంటే ఒక్కో రిపేరుకు ఎన్ని డాలర్ల దాకా మీరే భరించాలన్నది. మూడోది ఏసీ సర్వీసింగ్. మూడు నెలలకోసారి మీ ఖర్చుతో చేయించి రసీదులు దాచాలని దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉంటుంది. ఆ రసీదు ఒక్కటి లేకపోయినా ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుంది.

తాళాలు తీసుకునే రోజు ప్రతి ఏసీ ఇరవై నిమిషాలు నడిపి నీళ్లు కారుతున్నాయేమో చూడండి. అల్మరా వెనక, కిటికీల మూలల్లో బూజు ఉందేమో ఫొటోలు తీసి అదే రోజు ఓనర్‌కు పంపండి. ఇంత తేమలో బూజు ఎవరి హయాంలో మొదలైందన్న గొడవ సర్వసాధారణం, తేదీ ఉన్న ఫొటో ఆ గొడవను అక్కడే ఆపేస్తుంది. డబ్బు ఎవరికీ ఇవ్వకముందే ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబరును, ఏజెంట్లను నియంత్రించే సీఈఏ రిజిస్టర్‌లో వెతకండి. హెచ్‌డీబీ అద్దె డబ్బు ఏజెంట్ చేతికి ఇవ్వకూడదు, నేరుగా ఓనర్‌కే వెళ్లాలి.

4. కరెంటు బిల్లు: చలికాలం లేని దేశపు లెక్క

చలికాలమున్న ఊళ్లలో నాలుగు నెలలు బిల్లు మండినా తర్వాత తగ్గుతుంది. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైచిలుకు దూరంలో ఉన్న సింగపూర్‌లో ఆ తెరిపి ఉండదు. పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 24, 25. జనవరి అయినా మే అయినా తేడా స్వల్పం. మొదటి నెల బిల్లు ఎంతొస్తే ఏడాదంతా సుమారుగా అంతే. కాబట్టి ఇక్కడ మార్చుకున్న ఒక్క అలవాటు పన్నెండు నెలలూ డబ్బు మిగులుస్తుంది.

ఇటీవలి ఏళ్లలో యూనిట్ ధర 30 సెంట్ల అటూ ఇటూ ఉంటోంది. మూడు నెలలకోసారి సవరిస్తారు. పడకగది ఏసీ గంటకు సగటున 0.8 యూనిట్ తీసుకుంటుందనుకుంటే రాత్రికి 8 గంటలు నడిస్తే 6.4 యూనిట్లు, నెలకు 192. అంటే ఒక్క గదికే 58 డాలర్లు. 50 వాట్ల ఫ్యాన్ అదే 8 గంటలు తిరిగితే నెలకు 12 యూనిట్లు, 3 డాలర్ల 60 సెంట్లు. రెండూ కలిపి వాడటమే తెలివైన పని. ఏసీ 25 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ వేసుకుని, తెల్లవారుజామున నాలుగింటికి ఆగేలా టైమర్ పెడితే ఆ 58లో మూడో వంతుకు పైగా మిగలవచ్చు. రెండు గదుల్లో ఏసీ ఉంటే ఈ లెక్క రెట్టింపు.

ఒక వారం పాటు రోజూ పడుకునే ముందు, లేచాక మీటర్ రీడింగ్ రాసుకోండి. మీ ఇంటి ఏసీ అసలు ఎంత తింటోందో దీనితో తేలిపోతుంది, నా అంకె మీద ఆధారపడాల్సిన పని లేదు. కరెంటు ఎవరి దగ్గర కొనాలో ఎంచుకునే వీలు కూడా ఉంది. రెండేళ్ల ఫిక్స్‌డ్ రేటు ప్లాన్ తీసుకునేముందు మధ్యలో మానేస్తే జరిమానా ఎంతో చూసుకోండి. మీ ఇంటి ఒప్పందం ముందే ముగిసిపోతుంటే ఆ ప్లాన్ మీకు కాదు.

నీళ్లు ఘనమీటరుకు 3.24 డాలర్లు, దాని మీద 9 శాతం జీఎస్టీ. ముగ్గురున్న ఇంట్లో నెలకు 12 ఘనమీటర్లు వాడితే 42 డాలర్లు. బట్టలకు డ్రయ్యర్ కంటే స్టాండు మీద ఫ్యాన్ గాలికి ఆరేయడం ఎంతో చవక. నవంబరు నుంచి జనవరి దాకా వానలు ఎక్కువ కాబట్టి అప్పుడు ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతే.

5. తిండి

హాకర్ సెంటర్లు, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకే చోట ఉండే ప్రాంగణాలు, ఈ ఊరికి వరం. 2020లో యునెస్కో జాబితాలో కూడా చేరాయి. 4 నుంచి 6 డాలర్లకు కడుపు నిండా తినవచ్చు. రోజూ మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో తిని, రాత్రి ఇంట్లో వండుకునేవాళ్ల ఖర్చు అదుపు తప్పడం అరుదు. అదుపు తప్పించేది రెస్టారెంట్. మెనూలో ధర పక్కన కనిపించే రెండు ప్లస్ గుర్తులను గమనించండి. 100 డాలర్ల భోజనానికి ముందు 10 శాతం సర్వీస్ ఛార్జ్ కలుపుతారు. ఆ 110 మీద 9 శాతం జీఎస్టీ వేస్తారు. చేతిలోకి వచ్చే బిల్లు 119 డాలర్ల 90 సెంట్లు. కుటుంబంతో నెలకు నాలుగుసార్లు వెళితే దాదాపు ఒక భోజనం ఖర్చు ఈ ప్లస్సులకే పోతుంది. బడ్జెట్‌లో రెస్టారెంట్ పద్దు రాసేటప్పుడు మెనూ ధర కాదు, దానికి ఐదో వంతు కలిపి రాయండి.

పప్పులు, బియ్యం, మసాలాలు లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్ దుకాణాల్లోనో, అక్కడి పెద్ద స్టోర్ ముస్తఫాలోనో నెలకోసారి తెచ్చుకుంటే మేలు. కూరగాయలకు టెక్కా సెంటర్ కింద ఉన్న మార్కెట్‌కో మీ బ్లాకు దగ్గరి వెట్ మార్కెట్‌కో (తాజా కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే బజారు) ఉదయాన్నే వెళ్లండి. ఈ తేమలో రెండు నెలల సరుకు ఒకేసారి కొనడం మాత్రం వద్దు. రవ్వ, పిండి, బియ్యం పురుగు పడితే డిస్కౌంట్‌లో మిగిలింది చెత్తబుట్ట పాలు.

6. రాకపోకలు

ఎంఆర్‌టీ (మెట్రో రైలు), బస్సుల్లో కార్డుతో ప్రయాణం దూరాన్ని బట్టి ఒక డాలర్ పైచిలుకు నుంచి రెండున్నర డాలర్ల దాకా. ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి నెలకు 80 నుంచి 120 డాలర్లు సరిపోతాయి. నెల పాస్ అందరికీ లాభం కాదు, మీ కార్డు ఖర్చు ఒక నెల చూశాకే తీసుకోండి. కారు ఆలోచన మానేయండి. కారు ధరకు ముందు పదేళ్ల సీఓఈ (కారు ఉంచుకునే హక్కు పత్రం) కొనాలి, ఇటీవలి వేలాల్లో అది ఒక్కటే లక్ష డాలర్లు దాటి కూడా పలికింది. వానలో ట్యాక్సీ యాప్ ధర ఒక్కసారిగా పెరుగుతుంది, నాలుగు డాలర్ల గొడుగు బ్యాగులో ఉండటం మంచి పెట్టుబడి.

7. వైద్యం, పిల్లలు

ప్రభుత్వాసుపత్రుల్లో సబ్సిడీలు విదేశీయులకు లేవు. వర్క్ పర్మిట్, ఎస్ పాస్ (ఈపీ కంటే కింది స్థాయి పాస్‌లు) ఉద్యోగులకు ఏడాదికి కనీసం 60,000 డాలర్ల వైద్య బీమా కంపెనీయే చేయించాలని చట్టం ఉంది. ఈపీ వాళ్లకు ఆ నిబంధన లేదు. చాలా కంపెనీలు ఇస్తాయి కానీ భార్యాపిల్లలకు కూడా ఉందా, ప్రసూతి కలిసిందా, ఆసుపత్రిలో చేరితేనా లేక క్లినిక్‌కు వెళ్లినా ఇస్తారా అని అడిగి తెలుసుకోండి. లేకపోతే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ఈ పద్దులో బేరం వద్దు. డెంగీ ఏడాది పొడవునా ఉన్న ఊరిది, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఏడాది పొదుపు పోతుంది.

ప్లేస్కూల్ ఫీజుల్లో పౌరులకు వచ్చే రాయితీలు మన పిల్లలకు రావు. నెలకు వెయ్యి పైనే అనుకోండి. ప్రభుత్వ బడిలో రెండో తరగతి నుంచి చేర్చాలంటే ఏఈఐఎస్ (విదేశీ విద్యార్థుల ప్రవేశ) పరీక్ష రాయించాలి, ఫీజు కూడా పౌరుల కంటే ఎన్నో రెట్లు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో నెల ఫీజుతో పాటు దరఖాస్తు, ప్రవేశ రుసుములు వేరుగా ఉంటాయి, అవి తిరిగి రావు. ఇంట్లో ఉండే పనిమనిషిని పెట్టుకోవాలంటే ఆమె జీతం కాకుండా ప్రభుత్వానికి నెలకు 300 డాలర్ల లెవీ, ఆపై బీమా, ఆమె తిండి, ఆమె ప్రయాణ ఖర్చు. ఆమె మర్యాదగా బతికేలా ఇవన్నీ భరించగలిగితేనే పెట్టుకోండి.

8. కాగితం మీద పెడితే

పై ఉదాహరణలోని 8,000 జీతం, ముగ్గురు మనుషుల ఇల్లు. ఈ అంకెలు నమూనాకే, మీవి పెట్టుకోండి.

పన్నుకు 370
ఖాళీ చేసే రోజు నిధికి 150
ఏడాదికోసారి ఇంటికెళ్లే టికెట్లకు 300
బీమా, క్లినిక్ 250
అద్దె 3,200
కరెంటు, నీళ్లు, గ్యాస్ 250
ఏసీ సర్వీసింగ్ 40
ఫోన్లు, ఇంటర్నెట్ 80
ఇంటి సరుకులు 900
బయట తిండి 400
రాకపోకలు 250

మొత్తం 6,190. మిగిలింది 1,810. ఇందులోంచే బిడ్డ ప్లేస్కూల్, ఇంటికి పంపే డబ్బు, రిటైర్మెంట్ పొదుపు అన్నీ రావాలి. ప్లేస్కూల్‌కు 1,200 పోతే చేతిలో 610. ఎనిమిది వేల జీతం ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లకు జవాబు ఇదే. మిగులు సరిపోదనిపిస్తే సరుకుల్లో యాభై కోసుకోవడం కంటే, రెండు ఎంఆర్‌టీ స్టేషన్లు అవతల 2,800కు ఇల్లు దొరుకుతుందేమో చూడండి. ఆ ఒక్క నిర్ణయం మిగతా పొదుపులన్నిటికంటే పెద్దది.

ఈ జాబితాలో పన్ను, ఖాళీ చేసే రోజు నిధి, టికెట్లు ముందు రాశాను. జీతం పడిన రోజే ఆ మూడూ వేరే ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి, ఆ ఖాతాకు కార్డు తీసుకోకండి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు "ఫీజు సున్నా" అన్న మాట చూసి మురిసిపోవద్దు, మారకం రేటులోనే లాభం కలిపేసుకుంటారు. వెయ్యి డాలర్లు పంపితే అవతల ఎన్ని రూపాయలు చేరతాయన్నదే పోల్చండి. చిన్న మొత్తాలకు పేనౌ (సింగపూర్‌లో యూపీఐ లాంటిది), యూపీఐ లింకు 2023 ఫిబ్రవరి నుంచి ఉంది.

9. వెళ్లిపోయే రోజు కోసం

ఎవరూ బడ్జెట్‌లో రాయని పద్దు ఇది. ఉద్యోగం వదిలి దేశం విడిచినా, కొన్నిసార్లు ఇక్కడే వేరే కంపెనీకి మారినా, పాత కంపెనీ పన్ను శాఖకు ఐఆర్21 ఫారం పంపాలి. పన్ను లెక్క తేలేదాకా మీకు రావాల్సిన డబ్బును కంపెనీ ఆపి ఉంచుతుంది. అంటే సరిగ్గా ఖర్చులు ఎక్కువగా ఉండే నెలలోనే జీతం రాదు. జైరో వాయిదాలు నమ్ముకోవద్దన్నది కూడా ఇందుకే, మిగిలిన పన్నంతా అప్పుడు ఒకేసారి తేల్చాలి.

ఉద్యోగం పోతే పాస్ రద్దయ్యాక మామూలుగా 30 రోజుల గడువు ఉంటుంది. డిప్లొమాటిక్ క్లాజ్ వాడుకున్నా రెండు నెలల అద్దె కట్టాలి. వీటికి ఇంటి శుభ్రత, ఏసీ కెమికల్ వాష్, సామాన్ల రవాణా, టికెట్లు కలపండి. రెండు నెలల అద్దె, ఒక నెల ఇంటి ఖర్చు, అందరి విమాన టికెట్లు, ఈ మూడూ కలిసిన మొత్తం చేతిలో ఉండేదాకా పెట్టుబడుల జోలికి పోవద్దు. పై కుటుంబానికి అది సుమారు 11,000 డాలర్లు. నెలకు 150 చొప్పున దాస్తే ఆరేళ్లు పడుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లు బోనస్ వచ్చినప్పుడల్లా నేరుగా ఇందులోనే వేయండి.

డిపాజిట్ తిరిగి ఇవ్వడానికి ఓనర్ నానబెడితే, రెండేళ్లకు మించని ఇంటి ఒప్పందాల గొడవలు స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్ వింటుంది. 20,000 డాలర్ల దాకా, లాయర్ లేకుండానే. తాళాలు తీసుకున్న రోజు ఫొటోలు, ఏసీ రసీదులు, స్టాంప్ వేసిన ఒప్పందం ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.